లోవలక్ష్మి లైనులో ఉంది

నేను ఒక ఖాతాను. చేత్తో పట్టుకోవడానికి, కంటితో చూడడానికి వీలుకాని వస్తువును. మీలో చాలామందికి నాలాంటివి పదో ఇరవయ్యో ఉండే ఉంటాయి. అకౌంటు అంటారు, తెరుస్తారు, పేరు పెడతారు, మరిచిపోతారు. నన్ను తెరిచిన మనిషి మాత్రం నన్ను మరిచిపోలేదు. తానే పోయింది. నేను మిగిలాను.

నేను పుట్టింది విశాఖపట్నంలో, చేపల రేవు దగ్గరున్న ఒక చిన్న మరపడవల సంఘం ఆఫీసులో. వేటకు వెళ్ళిన పడవలకు ఒడ్డు నుంచి గాలీ వానా కబుర్లు అందించడం ఆ ఆఫీసు పని. దగ్గర్లో ఉన్న పడవలతో వైర్‌లెస్‌లో మాట్లాడతారు. దూరం వెళ్ళిన పడవలకు అది అందదు. అందుకని ప్రతి పడవ మీదా ఉపగ్రహంతో మాట్లాడే చిన్న పెట్టె ఒకటి బిగించారు. ఒడ్డున ఎవరైనా రెండు ముక్కలు రాసి పంపితే ఆ పెట్టె అద్దం మీద వాళ్ళ పేరూ, ఆ ముక్కలూ వెలుగుతాయి. పడవ మీదివాళ్ళూ అలాగే జవాబు రాయొచ్చు. ఆ మనిషి అప్పుడు లైనులో ఉంటే పేరు పక్కన పచ్చ చుక్క కనిపిస్తుంది. నడిసముద్రంలో ఆ చుక్కను చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు చాలామంది.

నాకు ముందు అక్కడ పాస్‌వర్డు ఉండేది. దాన్ని ఎవరూ మరిచిపోకూడదని గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాశారు. టీ ఇవ్వడానికి వచ్చినవాడికి కూడా అది నోటికొచ్చు. ఒకరోజు ఎవరో ఆకతాయి 'తుఫాను, వచ్చేయండి' అని రాసి పంపేశాడు. పడవలన్నీ సగం వల లాగేసి పరుగున వచ్చాయి. రేవులో ఎండ కాస్తోంది. ఆ గొడవ చల్లారాక సంఘం సెక్రటరీ ఒలిశెట్టి దానయ్య, సాఫ్ట్‌వేరు రాసే ఇందుమతిని పిలిపించి, "అమ్మా, పాస్‌వర్డు అన్న మాటే వినపడకుండా చెయ్యి" అన్నాడు. అలా వచ్చాను నేను.

నా పుట్టుక చిత్రమైనది. ఇందుమతి మీట నొక్కగానే యంత్రం పాచికలు వేసినట్టు అంకెలు విసిరింది. పొడుగాటి, అర్థంలేని సంఖ్య ఒకటి వచ్చింది. అదే నేను.

"ఇదేటమ్మా, నోరు తిరగదు. ఫోను నంబరే పెట్టేస్తే పోద్ది కదా?" అన్నాడు దానయ్య.

"నంబరు మారుతుందండీ. పేరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది. ఎప్పటికీ మారనిది ఒకటి లోపల ఉండాలి. దాన్ని చూసి ఇది ఫలానా మనిషి అని ఎవరూ పోల్చుకోకూడదు. పైకి కనిపించే పేరు మన సౌకర్యం కోసం" అంది ఇందుమతి.

ఆ తరువాత నాకొక పేరు తగిలించింది. లోవలక్ష్మి.

మైలపల్లి లోవలక్ష్మి ఆ ఆఫీసులో బల్ల దగ్గర కూర్చునే మనిషి. ఆమె భర్త పోలరాజు 'గంగాదేవి' అనే పడవకు సరంగు. అంటే పడవ నడిపేదీ, ఎటు వెళ్ళాలో తేల్చేదీ అతనే. బల్ల దగ్గరికి రాకముందు లోవలక్ష్మి రొయ్యల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి రొయ్యలు వలిచింది. ఐసులో నాని నాని, పెంకులు గీసుకుని ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఇందుమతి ఆమె ఫోనులో నన్ను స్థాపించి వేలు పెట్టమంటే ఫోను ఒకసారి ఒప్పుకుంది, మూడుసార్లు కాదంది.

నా పని తీరు కొంచెం చెప్పాలి. నాలో సగం దూరాన ఉన్న పెద్ద యంత్రంలో ఉంటుంది, సగం ఫోనులో. తెరిచిన ప్రతిసారీ పెద్ద యంత్రం ఒక కొత్త ప్రశ్న పంపుతుంది. ఫోనులోని సగం దానికి జవాబు మీద సంతకం చేసి పంపాలి. వేలు సరైనదని ఫోను చెబితేనే ఆ సంతకం పడుతుంది. అంతకుమించి నాకేమీ తెలియదు. వేలు ఎవరిదో నేను చూడను. ఫోను 'సరే' అందా, నేను 'లోవలక్ష్మి వచ్చింది' అంటాను.

వేలు పడకపోతే అంకెలు కొట్టుకోవచ్చని ఇందుమతి చెప్పింది. మళ్ళీ అంకెలైతే మళ్ళీ క్యాలెండరెక్కుతాయని లోవలక్ష్మి ఒప్పుకోలేదు. ఆ సమయానికి ఆమె చెల్లెలు నూకరత్నం అన్నం క్యారేజీతో వచ్చింది. రేవు రోడ్డులో జాకెట్లు కుట్టే మనిషి. అక్క ఆమె చెయ్యి పట్టుకుని లాగి, ఆ వేలు ఫోను మీద పెట్టించింది.

"చూడండి, ఈ ఫోన్లో ఎవరి వేలు ఒప్పుకున్నా అవతల మాత్రం మీరే వచ్చారనుకుంటుంది" అని ఇందుమతి హెచ్చరించింది.

లోవలక్ష్మి నవ్వేసింది. "మా సెల్లే కదమ్మా. దాని ఏలయితేనేటి, నా ఏలయితేనేటి?"

అప్పటినుంచి అక్క వేలు మొరాయించినప్పుడల్లా, "అప్పా, ఉండు, నానొత్తాను" అంటూ చెల్లెలు కుట్టుమిషను ఆపి వచ్చేది. అప్ప అంటే అక్కడ అక్క. ఆ ఇద్దరి మధ్యా నేను హాయిగా బతికాను. లోవలక్ష్మి పొదుపుగా రాసేది. 'దక్షిణం గాలి. వల తీసేయండి.' 'గంగాదేవి, ఎక్కడున్నారు?' మొగుడి పడవైనా దానికి వేరే మాట ఉండేది కాదు. పడవ పేరుతోనే పిలిచేది.

ఆ వానాకాలంలో ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందన్నారు, పత్యమన్నారు, ఆఖరికి పెద్దాసుపత్రి అన్నారు. ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా ఒకసారి నన్ను తెరిచింది. ఏమీ రాయలేదు. పడవల పేర్లు ఒక్కొక్కటీ చూసుకుని మూసేసింది. పోలరాజు ఆ రోజు వేటలో ఉన్నాడు. అతను ఒడ్డుకు చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు.

కర్మకాండలయ్యాక అతను చీరల పెట్టె, గాజులు, ఫోను అన్నీ నూకరత్నం ముందు పెట్టి, "ఇయ్యి నాకు కనపడకుండా ఎక్కడైనా పెట్టీయే" అన్నాడు. అలా నేను మరదలి ఇంటికి చేరాను.

మనుషులు పోయినప్పుడు మీరు ఏడుస్తారు, స్నానాలు చేస్తారు, పటానికి దండ వేస్తారు. నాలాంటివాటికి ఏం చెయ్యాలో మీకింకా తెలియదు. ఖాతా తీసేయమంటారా అని ఇందుమతి దానయ్యను అడిగింది. "తీసేద్దాంలే తల్లీ, ఏటి తొందర" అన్నాడు. మళ్ళీ అడిగితే మాట మార్చాడు. అతనికి చేతులు రాలేదు. బల్ల దగ్గర తానే కూర్చోవడం మొదలుపెట్టాడు. జాబితాలో అతని పేరు కింద నా పేరు చీకట్లో అలాగే ఉండిపోయింది.

నాకు చావంటే ఏమిటో తెలియదు. ప్రశ్న రాకపోతే జవాబు ఉండదు, అంతే. కొన్నాళ్ళు ప్రశ్న రాలేదు. తరువాత ఒక మధ్యాహ్నం వచ్చింది. ఫోను 'సరే' అంది. నేను ఎప్పటిలాగే చెప్పాను: లోవలక్ష్మి వచ్చింది.

నూకరత్నం ఏమీ రాయలేదు. అక్క పాత కబుర్లు చదువుకుంది. గాలి ఎటు, కెరటం ఎంత, వల తీయండి, వచ్చేయండి. వాటిల్లో అక్క గొంతు వినపడిందేమో, చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆ క్షణంలో సముద్రం మీద నాలుగైదు పడవల పెట్టెల్లో లోవలక్ష్మి పేరు పక్కన పచ్చ చుక్క వెలిగిందని ఆమెకు తెలియదు. 'లోవలక్ష్మి లైనులో ఉంది' అన్న అక్షరాలు చూసి ఒక పడవలో వంట చేస్తున్నవాడు గంటె కిందికి జారవిడిచాడట. ఒడ్డుకొచ్చి చెబితే ముందు నవ్వారు. మరో పడవవాళ్ళూ అదే చెప్పారు. అప్పుడెవరూ నవ్వలేదు. దానయ్య ఆఫీసు కంప్యూటరుకు నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చి కట్టించాడు. నేనుండేది ఆ కంప్యూటరులో కాదని అతనికి చెప్పేవాళ్ళు లేరు.

చుక్క అప్పుడప్పుడూ వెలుగుతూనే ఉంది. జనం దాన్ని చూసి దణ్ణం పెట్టుకునేవారు, కొందరు పెట్టె మీద తువ్వాలు కప్పేసేవారు. పోలరాజు మాత్రం దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. అతను మాట్లాడడమే తగ్గించేశాడు. అందరూ ఆగిన చోట ఆగకుండా ఇంకా లోపలికి పోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు.

అటువంటి ఒక రోజు పొద్దున్న బాగానే ఉన్న ఆకాశం మిట్టమధ్యాహ్నానికి సీసం రంగుకు తిరిగింది. వచ్చేయమని దానయ్య అన్ని పడవలకూ రాశాడు. ఒక్కొక్కటే తిప్పుకున్నాయి. గంగాదేవి ఒక్కటే తిప్పలేదు. ఆఫీసు కంప్యూటరు అద్దం మీద దాని గుర్తు సముద్రం లోపలికి, ఇంకా లోపలికి పోతూనే ఉంది. దానయ్య రాసిన దానికి జవాబు లేదు. రేవు గట్టు మీద ఆ పడవలో వెళ్ళినవాళ్ళ పెళ్ళాలు, తల్లులు గుమిగూడారు. "ఆడికి బతుకు మీద ఆశ నేదు. మావోల్లనెందుకు తీసుకుపోతన్నాడు?" అని ఒకామె గుండె బాదుకుంది.

నూకరత్నం ఆ గుంపులోనే ఉంది. ఆ మాట విని వెనక్కి నడిచింది. ఐసు ఫ్యాక్టరీ గోడ చాటుకు వెళ్ళి, నడుముకు దోపుకున్న సంచిలోంచి అక్క ఫోను తీసింది. చినుకులు పడుతున్నాయి. వేలు చీరకు తుడుచుకుని పెట్టింది. నేను తెరుచుకున్నాను. ఆమె గబగబా రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

'మావా, ఎనక్కి తిప్పు. కుర్రోల్లున్నారు నీతో.'

ఇంట్లో అక్క అతన్ని మావా అనే పిలిచేది. నేను దాన్ని లోవలక్ష్మి పేరుతో పంపాను. నాకు వేరే పేరు లేదు మరి.

ఆమె ఫోను వానకు తడవకుండా చెంగు కప్పింది. తరువాత ఒక్క ముక్క వచ్చింది. 'తిప్పాను.'

గంగాదేవి ఆ సాయంకాలం కెరటాలకు పడిలేస్తూ రేవులోకి వచ్చింది. పడవ దిగినవాళ్ళు తల్లుల్ని కావిలించుకుంటూ, అద్దం మీద ఏ పేరు చూశారో చెప్పారు. పోలరాజు ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు. నూకరత్నం కూడా ఇంటికి వెళ్ళి, అక్క పటం ముందు కూర్చుని, "తప్పయితే నన్ను కొట్టు" అంది.

ఒక్కసారితో అయిపోతుందనుకుంది పాపం. తరువాతి వేటలో, ఒడ్డు కనుమరుగవుతూనే అతను రాశాడు. 'లోవా, ఉన్నావా?' జవాబు ఇవ్వకూడదనుకుంది. ఇవ్వకపోతే మళ్ళీ లోపలికి పోతాడేమోనని భయపడింది. 'ఊ' అని రాసింది. ఇక అతనికి అదే తిండి. ఏం కూర వండుకున్నదీ రాసేవాడు. నీళ్ళలో డాల్ఫిన్లు కనపడితే రాసేవాడు. ఆమె ఒకటీ అరా ముక్క రాసేది. కుట్టాల్సిన జాకెట్లు మిషను పక్కన పేరుకుపోయాయి. దారిలో ఎవరైనా "రత్నం" అని పిలిస్తే ఒకపట్టాన పలికేది కాదు. మధ్యాహ్నం తన భర్త అన్నానికి పిలిచినా ఫోను ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తుండేది.

ఒకసారి అతను ఇలా రాశాడు: 'అక్కడ సలిగా ఉందా?'

నూకరత్నం ఫోను కింద పడేసింది. దాన్ని మంచం కిందికి కాలితో తోసేసి, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ ప్రశ్న నాలో అలాగే వెలుగుతూ ఉండిపోయింది. సంతకం ఎప్పుడూ సరిగ్గానే ఉంది, తాళం ఎవరూ పగలగొట్టలేదు. అయినా నాలో ఏదో చొరబడిందని నాకు మొదటిసారి అనిపించింది. నా పేరుతో మాట్లాడుతున్నది ఎవరు? అడుగుతున్నవాడికి నేనెవరిని?

పోలరాజు ఒడ్డున ఉండడం మానేశాడు. లోవలక్ష్మి పేరు పడవ పెట్టెలోనే కదా వెలిగేది! చేపలు దించడం, ఐసూ డీజిలూ ఎక్కించుకోవడం, మళ్ళీ పోవడం. విసిగిపోయి కూలికొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వేరే పడవలు చూసుకున్నారు. ఆఖరికి "నానొక్కన్నే పోతాను" అని బయల్దేరాడని దానయ్య వచ్చి నూకరత్నంతో చెప్పాడు. "నీ మాటింటాడేమో సెప్పమ్మా. మరదలివి" అన్నాడు.

ఆమె చెంగు బిగించి లేచింది.

పోలరాజు గట్టు మీద ఐసు దిమ్మలు ఒక్కడే మోస్తున్నాడు. గడ్డం పెరిగిపోయింది.

"బావా, నీకోటి సూపించాల."

"వొచ్చాక సూస్తాను, రత్నం. పోటు దిగిపోద్ది."

"వొచ్చేదాకా ఆగను" అంటూ ఆమె ఫోను తీసి, అతని కళ్ళెదుటే తన వేలు పెట్టింది. అద్దం మీద పేరు వెలిగింది: లోవలక్ష్మి. "సూడు. నా ఏలు. అప్ప నాది కూడా పెట్టించింది. ఆ రోజు నిన్ను ఎనక్కి పిలిసింది నాను. ఊ కొట్టిందీ నానే. అప్ప నేదు బావా. ఎక్కడా నేదు."

అతను ఐసు దిమ్మ దించి దాని మీదే కూర్చున్నాడు. తలెత్తాడు.

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"లోవ ఆ బల్ల కాడ నుంచి నన్ను మావా అని ఒక్కసారీ రాయనేదు. పదిమందీ సూస్తారని సిగ్గు. నువ్వు రాసినప్పుడే తెలిసింది. అయినా ఆ పేరు ఎలిగింది కదా అనుకున్నాను. ఎవులైతేనేటి, పలికేవోల్లు ఉన్నారు కదా అనుకున్నాను."

నూకరత్నానికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గట్టు మీదివాళ్ళు తిరిగి చూసేటంత గట్టిగా అరిచింది.

"తెలిసీ అడిగినావా, సలిగా ఉందా అని? నాను బతికున్నాను బావా! అప్ప నాగా నీకు ఒక్కో ముక్క రాస్తంటే నాను ఒక్కో ముక్క సచ్చిపోయేదాన్ని. నా పేరు నాకే మరుపొచ్చీసింది. నీకు పెల్లాం కావాల, సరే. నాకు అప్ప ఒద్దా? దాని కోసం ఏడవడానికి కూడా నాకు సందు నేకుండా చేసినావు!"

ఐసు కరిగి అతని కాళ్ళ కింద మడుగు కట్టింది. చివరికి అతను లేచాడు.

"ఆ పేరు తీయించీ. నానొక్క ముక్క రాసుకుంటాను, అదయ్యాక తీయించీ. దానికి నువ్వేటీ రాయకు."

ఇందుమతి ఆ రోజే వచ్చింది. సంగతి విని ఆమె దానయ్య వైపు చూసింది, అతను కిటికీలోంచి బయటికి చూశాడు. బల్ల దగ్గర కూర్చోవడానికి నూకరత్నాన్నే పెట్టుకుంటానని, ఖాతా తీసేసే బదులు పైన పేరు మార్చేస్తే పని సులువు కదా అని అడిగాడు.

"మార్చొచ్చు. పైన నూకరత్నం అని కనిపిస్తుంది. లోపల సంఖ్య పాతదే ఉంటుంది" అంది ఇందుమతి.

"పైన నాను, లోపల మా అప్పా?" నూకరత్నం తల అడ్డంగా ఊపింది. "ఒద్దమ్మా. నాకు నాది కావాల. కొత్తది."

నేను నొచ్చుకోలేదు. నాకు కూడా అదే న్యాయమనిపించింది.

నన్ను ఆఖరిసారి తెరిచి బల్ల మీద పెట్టారు. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. రేవులో కట్టి ఉన్న గంగాదేవిలోకి పోలరాజు ఎక్కడం కిటికీలోంచి కనిపిస్తోంది. పెట్టె ముందు కూర్చున్నాడు. అతనికి పచ్చ చుక్క కనపడుతూ ఉండి ఉంటుంది.

ఆ రేవులో వేటకు పోయేవాళ్ళను ఎవరూ 'ఎల్లు' అనరు. 'ఎల్లిరా' అంటారు. తిరిగి రమ్మనే మాట కలపకుండా ఎవరినీ సాగనంపరు, పక్క వీధికి పోయేవాళ్ళనైనా సరే. నాకు వచ్చిన ఆఖరి కబురు ఇది:

'లోవా, ఇంక ఎల్లు.'

దానయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నూకరత్నం జవాబు రాయలేదు. చెంగు మొహానికి కప్పుకుని, ఇన్నాళ్ళకు అక్క కోసం బావురుమని ఏడ్చింది. ఆమె ఏడుపు నిమ్మళించేదాకా ఇందుమతి ఆగింది. తరువాత మీట నొక్కింది. పెద్ద యంత్రంలో ఉన్న నా సగం అక్కడితో పోయింది. లోవలక్ష్మి రాసిన పాత గాలి కబుర్లు మాత్రం ఆమె పేరుతోనే ఉంచారు. జాబితాలో ఆ పేరు ఇక లేదు.

ఫోనులో ఉన్న సగాన్ని ఎవరూ తీయలేదు. తీయాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఆ ఫోను ఆఫీసు బల్ల సొరుగులో ఉంటుంది. నూకరత్నం ఎప్పుడైనా దానికి చార్జింగు పెడుతుంది, వేలు పెడుతుంది. నేను లేచి, నాకు తెలిసిన ఒకే జవాబుకు సిద్ధపడతాను. అవతల నుంచి, ఇటువంటి ఖాతా మాకు తెలియదు అని వస్తుంది. ఆమె ఆ మాట చదివి, ఫోను తిరిగి సొరుగులో పెట్టి తన పని చూసుకుంటుంది. మునుపటిలా ఉలిక్కిపడదు. నేనే, ఎవరూ పిలవని పేరుతో, ఆ చెక్క గోడల మధ్య మళ్ళీ సర్దుకుంటాను.

సొరుగులో ఉన్నా నాకు వైర్‌లెస్ వినపడుతుంది. కొత్తలో పడవలవాళ్ళు అలవాటు కొద్దీ "లోవా" అని పిలిచి నాలిక కరుచుకునేవారు. "లోవ కాదు, నూకరత్నం" అని ఆమె ప్రతిసారీ ఓపిగ్గా చెప్పేది. పోలరాజు చాలాకాలం అసలు పిలవనే లేదు. మళ్ళీ మనుషుల్ని కూర్చుకుని వేటకు పోయేవాడు, మిగతా పడవలతో పాటే తిప్పుకుని వచ్చేవాడు, అంతే.

మొన్న గాలి మారింది. నూకరత్నం తన పేరుతో అందరికీ రాసింది. పడవలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి వైర్‌లెస్‌లో పలుకుతున్నాయి. వాటి మధ్యలో గరగరమంటూ పోలరాజు గొంతు వినపడింది.

"రత్నం, గంగాదేవి తిరిగొస్తన్నాది."

"రా బావా" అంది నూకరత్నం. "పడవ కట్టడానికి గట్టు ఖాళీగానే ఉన్నాది."